తల్లి రంగు

విశాఖపట్నంలో ఆటో ఎక్కి సమవర్ణ కేంద్రం అంటే చాలు, దారి చెప్పక్కర్లేదు. "పెళ్ళి కుదిరిందాండీ?" అని డ్రైవరే పలకరిస్తాడు. చామనచాయ వాళ్ళూ నల్లటివాళ్ళూ లోపలికెళ్ళి, పచ్చగా మెరిసిపోతూ బయటికొచ్చే చోటది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ హిమబిందు మాత్రం, తను ఇందుకోసం కనిపెట్టలేదని ప్రతి సన్మానసభలోనూ చెబుతూనే ఉంటుంది. ఎవరు వింటారు? శాలువా కప్పి, దండ వేసి, మా అమ్మాయిని ఎప్పుడు తీసుకురమ్మంటారని చెవిలో అడుగుతారు.

నిజానికది బొల్లి మందు. చెల్లెలు శైలజకి చిన్నప్పుడు పెదవి అంచున మొదలైన తెల్లమచ్చ చేతులకీ మెడకీ పాకింది. ఎంత రద్దీలోనైనా బస్సులో ఆ పిల్ల పక్క సీటు ఖాళీగా ఉండిపోయేది. ఆ ఖాళీ సీటు చూడలేకే అక్క చదువంతా చర్మం మీద పెట్టింది. మచ్చ లేని చోటి నుంచి ఆవగింజంత చర్మం తీసి, పెంచి, మచ్చ మీద కట్టుకట్టి దీపం చూపిస్తే, రంగు మరిచిపోయిన కణాలు దాన్ని చూసి నేర్చుకుంటాయి. ప్రయోగశాలలో ఆ ఆవగింజని 'తోడు' అనేవాళ్ళు. పాలు ఎన్నున్నా తోడు వేస్తేనే కదా పెరుగు! ఇక్కడా అంతే, ఎవరి తోడు వేస్తే వాళ్ళ రంగు. శైలజ మచ్చలు మాయమయ్యాయి. ఆ తర్వాత ఒక బుర్రలో మెరిసింది, సొంత తోడే ఎందుకు, తెల్లటివాళ్ళ తోడు వేస్తే పోలా అని. ఆ బుర్ర ఇంకెవరిదో కాదు, హిమబిందుదే. సభల్లో ఈ ముక్క చెప్పదు.

ఆ ఉదయం కేంద్రం హాలు కిటకిటలాడుతుంటే ఒకావిడ బిడ్డని గుడ్డతో గుండెకి కట్టుకుని లోపలికొచ్చింది. ఒళ్ళు దొరసాని తెలుపు. జుట్టూ కళ్ళూ మాత్రం కాటుక నలుపు. గుడ్డలోంచి తొంగిచూస్తున్న బిడ్డ నేరేడుపండులా నిగనిగలాడుతోంది.

కౌంటర్లో అమ్మాయి బిడ్డకేసి చూసి జాలిగా ఇంగ్లీషులో చెప్పింది. "పాప మరీ చిన్నదండీ. కాస్త పెద్దదవనివ్వండి."

"పాపకి కాదు. నాకు," అంది ఆవిడ.

అటుగా వెళ్తున్న హిమబిందు ఆగింది. తెల్లగా ఉన్నవాళ్ళు ఇక్కడికి దేనికొస్తారు? బిడ్డతో వచ్చినావిడ హాలు గోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ పెద్ద ఫోటో ఉంది. ఒక నార్వే దంపతులు, వాళ్ళ మధ్య ముద్దొచ్చే చిన్నపిల్ల, ముగ్గురిదీ ఒకే రంగు. కేంద్రం సాధించిన గొప్ప విజయమని అతిథులందరికీ చూపించే ఫోటో అది.

"మధ్యలో ఉన్నది నేనే. నా పేరు మారెన్. మీ ఊరి అనాథాశ్రమంలో ఉన్నప్పుడు పైడితల్లి అట. నా రంగు నాకు తిరిగి ఇవ్వండి డాక్టర్, దాని కోసమే వచ్చాను."

హిమబిందు తన గదిలోకి రమ్మని సైగ చేసింది.

ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. బిడ్డ పేరు మాయా. తండ్రి, ఓస్లోలో స్థిరపడ్డ జాఫ్నా తమిళుల అబ్బాయి. "దీని రంగు నాన్నదే అంటారందరూ. నాది కూడానని ఎవరికీ చెప్పలేను," అంది మారెన్. "మీరు మార్చింది చర్మాన్ని. రక్తంలో ఉన్నది రక్తంలోనే ఉంది, బిడ్డలో బయటికొచ్చింది. నెల కిందట విమానాశ్రయంలో నన్ను పక్కకి తీసుకెళ్ళారు. ఈ బిడ్డ ఎవరిది, ఎక్కణ్నుంచి తెస్తున్నావు అని అడిగారు. అది ఆకలికి ఏడుస్తోంది. అందరి ముందూ పాలిచ్చి చూపిస్తే గానీ వదల్లేదు. రేపు ఇది నడుస్తుంది, బడికెళ్తుంది. నిన్ను ఎక్కణ్నుంచి తెచ్చుకున్నారు అని ప్రతివాడూ దాన్ని అడుగుతాడు. నేను దత్తతకెళ్ళాను. నా బిడ్డ వెళ్ళలేదు కదా!"

హిమబిందు బల్ల మీది పెన్ను తీసి మళ్ళీ పెట్టింది. "మీ అమ్మానాన్నా నిన్ను ప్రేమించబట్టే చేయించారమ్మా. అక్కడ నిన్నెవరూ వేలెత్తి చూపకూడదని."

"అదే కదా బాధ! కోపం తెచ్చుకోడానికి కూడా చోటు లేకుండా ప్రేమించారు. నన్నెవరూ ఏమీ అనలేదు, నిజమే. మా తరగతిలో కొలంబియా నుంచి తెచ్చుకున్న అబ్బాయి ఉండేవాడు. వాణ్ణి బురదా అని పిలిచేవాళ్ళు. నేనూ పిలిచాను. అందరికంటే గట్టిగా నేనే పిలిచేదాన్ని. పెద్దయ్యాక మా దత్తత పిల్లల సంఘానికి వెళ్తే, అక్కడ నా పక్కన ఎవరూ కూర్చోలేదు. వాళ్ళు పడ్డది నేను పడలేదు కదా. నాకు తన తోడు ఇచ్చి పెంచిన ఇంగ అమ్మకి నేనిక్కడికొచ్చానని ఇంకా తెలీదు. నీ రంగు తీసేయించుకుంటున్నానని ఏ నోటితో చెప్పను?"

పక్క సీటు ఖాళీగా ఉండటమంటే ఏమిటో హిమబిందుకి ఒకరు చెప్పక్కర్లేదు.

"సరే, మీ దగ్గర నా తోడు ఉంటుంది కదా," అంది మారెన్. "చిన్నప్పుడు మార్చేముందు తీసి దాచిన నా చర్మం. అదిస్తే చాలు."

* * *

శీతలగది తలుపు తీస్తే పొగలాంటి చలి మొహాన కొట్టింది. అరల నిండా సీసాలు. కశ్మీరు తోడు, కొడగు తోడు, స్వీడన్ తోడు, పేరు చెప్పనని మాటిచ్చిన ఒక సినిమా తార తోడు. ఇన్ని తెలుపులున్నాయా లోకంలో అనిపించేలా పేర్చి ఉన్నాయి. హిమబిందు ఊరికే ఒక్కో అరా తడుముతోంది. లేదని ఆమెకి ముందే తెలుసు.

బొల్లి రోగికి తన తోడే తనకి వేస్తారు కాబట్టి దాచేవాళ్ళు. తెల్లబడ్డానికి వచ్చినవాళ్ళకి వేసేది వేరేవాళ్ళ తోడు. వాళ్ళ పాత రంగుని ఏం చేసుకోవాలి? బొబ్బలకీ మందులకీ, కరెంటు పోతే ఏం చెయ్యాలన్నదానికీ సవాలక్ష జాగ్రత్తలు రాసిపెట్టుకున్న శాస్త్రవేత్తల్లో ఒక్కరికీ, నలుపు తిరిగి కావాలని ఎవరైనా వస్తారేమో అన్న ఊహ రాలేదు. రాదు కూడా! పిల్ల పుట్టగానే మంత్రసాని మొహం చూసి రంగు కనుక్కునే దేశంలో పుట్టి పెరిగినవాళ్ళు మరి. నల్లపూసలు దాస్తాం గానీ నలుపుని దాస్తామా?

బయటికొచ్చి ఉన్నమాట చెప్పింది. "లేదమ్మా. ఎవరిదీ లేదు."

"నాది పారేశారా?" అంది మారెన్.

"తియ్యనే లేదు."

ఆ మాట పారేశాం అనడం కంటే ఘోరంగా వినబడింది హిమబిందు చెవికే.

జూనియర్ డాక్టరు సత్యప్రసాద్ ఉపాయశాలి. గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, దగ్గరి రక్తసంబంధీకులది ఎవరిదైనా పనికొస్తుంది కదండీ. లోపల పాఠం ఉంది, గుర్తుచేసేవాళ్ళు లేరు, అంతే. పాప ఉందిగా! ఆవగింజంత తీస్తే..."

మారెన్ రెండు చేతులూ బిడ్డ వీపు మీదికి వెళ్ళిపోయాయి. "వద్దు. నన్ను ఎవరూ అడగలేదు. దీన్ని అడగకుండా దీని ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు."

సత్యప్రసాద్ నాలిక్కరుచుకున్నాడు. మారెన్ నెమ్మదిగా చెప్పింది. కన్నతల్లి బతికే ఉంది. దత్తత పిల్లల సంఘంవాళ్ళు ఎప్పుడో వెతికిపెట్టారు. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఒక చేపలపేటలో ఉంటుంది, పేరు నూకాలమ్మ. ఇన్నాళ్ళూ మారెన్ వెళ్ళలేదు. "నన్ను చూసి గుర్తుపట్టకపోతే నేను తట్టుకోలేను. ఈ మొహం వేసుకుని వెళ్ళి, నీ కూతుర్ని అని ఎలా చెప్పను? చెవిలో అనువాద యంత్రం ఉంది గానీ, అది పుస్తకాల తెలుగు నేర్చుకున్న యంత్రం. ఆ పేట మాట దానికి అందదన్నారు." అని, హిమబిందు కళ్ళలోకి చూసింది. "మీరొస్తారా?"

* * *

"వెళ్తానన్నావా, అన్లేదా?" అడిగింది శైలజ.

సాయంత్రం దీపాలు పెట్టారు. శైలజ గోరువెచ్చని పాలలో తోడు కలుపుతోంది. పక్కింటామె వచ్చి గిన్నె చాపి కొంచెం తోడు పెట్టమంది. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదంటూనే, గిన్నెలో ఇంత ఉప్పుకల్లు వేసి దోషం పోయిందని ఇచ్చి పంపింది శైలజ. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఒకరు సంపాదిస్తారు, ఒకరు దులుపుతారు. దుమ్మునీ, అక్కనీ కూడా.

"అన్నాను. కానీ కాళ్ళాడట్లేదే," అంది హిమబిందు. "నేను చెడ్డ పని చెయ్యలేదు కదా శైలూ? అప్పుడు అందరూ మంచిదేనన్నారు."

"నాకు చేసేముందు ఎన్నిసార్లడిగావో గుర్తుందా? భయం లేదు కదా, చెయ్యనా, వద్దంటే మానేస్తా అని ప్రాణం తీశావు. ఆ పిల్లని ఒక్కసారైనా అడిగావా?"

"పసిది. దానికేం తెలుస్తుంది?"

అనేసిందే గానీ, దానికేం తెలిసిందో హిమబిందుకి గుర్తుంది. ఇంగ తన తెల్లటి చెయ్యి చాపి, రక్తదానం చేస్తున్నంత సంబరంగా తోడు ఇచ్చింది. పిల్ల బిస్కెట్టు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. వారాల తర్వాత కట్టు విప్పిన రోజు, పిల్ల తన కుడిచెయ్యి తను చూసుకుని వీపు వెనక దాచేసుకుంది. అన్నం పెడితే ఆ చేత్తో తినలేదు. ఆ చెయ్యి ఎవరిదో అనుకుంది. ఎడంచేత్తో తింటూ, కుడిచెయ్యి మాత్రం దూరంగా పెట్టుకుంది. గదిలో అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది హిమబిందే.

ఆ సంగతి ఇన్నేళ్ళలో మొదటిసారి చెల్లెలికి చెప్పింది. శైలజ గిన్నె మీద మూత పెట్టింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కావు. ఇప్పుడు కడగడానికి నీళ్ళు ఎక్కడున్నాయో ఆ పిల్లే చూపిస్తోంది. వెళ్ళక చస్తావా?" అంది.

* * *

చేపలపేటలో ఎండ చిటచిటలాడుతోంది. ఇసక మీద పరిచిన పాతవలల నిండా నెత్తళ్ళు ఎండుతున్నాయి. కాకుల్ని అదిలిస్తూ, చేత్తో చేపల్ని తిరగేస్తూ ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మనిషి బొగ్గు నలుపు. మోకాళ్ళ మీదికి చీర ఎగ్గట్టుకుంది. వీళ్ళని చూసి, టూరిస్టులనుకుంది.

"ఏటమ్మా, సేపలు కావాలేటి? బాగెండినాయి, పట్టుకెల్లండి."

మారెన్ కాలు ముందుకు పడలేదు. గుడ్డలో మాయా మెలకువొచ్చి, ఎండకి మొహం చిట్లించి, బయటికి తల పెట్టింది.

ముసలమ్మ చేతిలోని చేపలు జారిపోయాయి.

"ఓలమ్మా! ఇది నా పిల్ల, నా పైడి గుంట కాదేటి?" అంటూ లేచి పరుగున వచ్చేసింది. ఎవరినీ అడక్కుండా గుడ్డలోంచి బిడ్డని లాగేసుకుని గుండెకి అదుముకుంది. "ఏడకెల్లిపోనావే తల్లీ! నీ కోసం ఎతకని సోటు నేదే! యిన్నేల్లయినా యింతే ఉండిపోనావేటి?"

మాయా ఏడవలేదు, వింతగా ఆ మొహం తడిమింది. ఒకే నలుపు మీద ఒకే నలుపు. మారెన్ ఇసకలో నిలబడిపోయింది. తల్లి గుర్తుపట్టింది, కానీ తనని కాదు.

హిమబిందు దగ్గరికెళ్ళి, ముసలమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా నూకాలమ్మా, ఇది నీ మనవరాలు. నీ పైడితల్లి ఈమే."

నూకాలమ్మ మారెన్‌ని ఎగాదిగా చూసింది. "ఈ దొరసానా? నాతో పరాసికాలేటమ్మా?" అంది. కానీ కళ్ళు అక్కణ్నుంచి కదల్లేదు. నొసలూ, ముక్కూ, ఎడమ చెవి దగ్గర మడతా చూస్తూ దగ్గరికొచ్చింది. బిడ్డని చంకనెత్తుకుని రెండో చేత్తో మారెన్ ముంజెయ్యి పట్టుకుంది. బొటనవేలితో రుద్దింది. ఉమ్మితో తడిపి మళ్ళీ రుద్దింది. చీరచెంగుతో గట్టిగా తుడిచింది. చర్మం ఎర్రగా కందిందే గానీ ఏమీ రాలేదు.

"ఏటి పూసినారు దీనికి? కడిగితే పోదా?"

"పోదమ్మా."

"ఎవులు సేసినారీ పని?"

మారెన్ హిమబిందు వైపు తిరిగింది. "ఏమడుగుతోంది?"

"ఎవరు చేశారని," అంది హిమబిందు, ఇంగ్లీషులో, నేల చూస్తూ.

"చెప్పండి మరి. భాష వచ్చింది మీకే."

అలలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎన్ని సభల్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడిందో హిమబిందు! ఇప్పుడు ఒక్కో మాటా వెతుక్కోవాల్సి వచ్చింది. "నేనేనమ్మా," అంది. "నేను డాక్టర్ని. దాన్ని అడగలేదు, నిన్నూ అడగలేదు. నేనే చేశాను."

తిడుతుందనుకుంది. మొహాన ఇసక కొడుతుందనుకుంది. కొడితే బాగుణ్ణని కూడా అనుకుంది. నూకాలమ్మ బిడ్డని చంకలో సర్దుకుని, ఖాళీగా ఉన్న చెయ్యి నుదుటికి ఆనించి దణ్ణం పెట్టింది.

"సల్లగుండు తల్లీ. మంచి పనే సేసినావు. నల్లగున్నానని నన్నెన్నెన్ని మాటలన్నారో నాకే ఎరిక. పెల్లిపీటల కాడ నాకు పసుపు రాస్తా, బొగ్గుకి పసుపెందుకు దండగన్నాది మా యత్త. నా గుంటకా బతుకు తప్పించినావు."

ఆ దణ్ణం హిమబిందుని కాల్చేసింది. తిట్లు పడి ఉంటే దులుపుకుని పోయేది. దణ్ణాన్ని ఎక్కడ దులుపుకుంటుంది?

నూకాలమ్మ చేపల పక్కన కూలబడి చెబుతూనే ఉంది. "దీని నాన్న సంద్రం మీదికి ఏటకెల్లి తిరిగి రానేదు. వానకాలం గడిసేదాకా ఆశ్రమంలో ఉంచు, పాలిస్తాం, సదువు సెప్తామన్నారు. దొరలొచ్చి పిల్లల్ని ఎత్తుకెల్లిపోతారే అన్నారు మా పేటోల్లు. ఇంత నల్లగుంటని ఏ దొర తీస్కెల్తాడులే అనుకున్నాను. ఆ దయిర్నంతోనే ఒగ్గినాను. నా బిడ్డని నానే అలగనుకున్నాను తల్లీ! ఆనలు ఎలిసినాక ఎల్తే, గుంట నేదన్నారు. నోరెత్తితే గెంటేసినారు."

హిమబిందు ఒక్క మాట కూడా దాచకుండా ఇంగ్లీషులో చెప్పింది, తనకి పెట్టిన దణ్ణంతో సహా. మారెన్ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోవడం లేదు.

"నేను వచ్చింది ఆమె రంగు కోసమని చెప్పండి. ఆవగింజంత చర్మం కావాలని."

విన్న నూకాలమ్మ రెండు చేతులూ చెంగు కింద దాచేసుకుంది. "ఓసి పిచ్చిగుంటా! బంగారంలాగున్నావు. మల్లా ఈ మసెందుకే నీకు? నానివ్వను. ఎల్లు, తెల్లగానే బతుకు."

సముద్రాలు దాటి వచ్చి అడిగిన ఒక్క వస్తువూ ఇవ్వనంది తల్లి. ఆ మాట కూడా హిమబిందే మారెన్‌కి చెప్పాల్సి వచ్చింది. ఇంత తెలుపు పిచ్చిని అమ్మి బతికింది తనే కదా, ఇప్పుడు ఎవరి మీద కోప్పడుతుంది?

మారెన్ ముసలమ్మ ఒళ్ళో వేలు చప్పరిస్తున్న మాయాని చూపించింది.

"సరే. అయితే దీనికి కూడా నాకు చేసినట్టే చేయించెయ్యనా? అడగండి."

హిమబిందు అడిగింది.

"ముట్టుకుంటే సేతులిరిసేస్తాను!" నూకాలమ్మ బిడ్డని అదుముకుని అంత దూరం జరిగింది. "దీనికేటి తక్కువని మారుస్తారు? దీని ఒల్లు సూడండి, నీటిలో ముంచి తీసిన రాయిలాగ ఎలా మెరిసిపోతందో! నా గుంట నాకిలాగే..."

ఆ మాట మధ్యలో ఆగిపోయింది. నూకాలమ్మ తలెత్తి, ఎదురుగా నిలబడ్డ తెల్లటి కూతురి మొహం చూసింది. తన నోటితో తను అన్నదేదో తనకే వినబడినట్టుంది.

"కాకిపిల్ల కాకికి ముద్దంటారు," అంది. "కాకినై ఉండి నానే ఆ సంగతి మర్సిపోనాను." చెంగు కింద నుంచి చెయ్యి తీసి హిమబిందు ముందుకు చాపింది. "తియ్యమ్మా. ఎంత కావాలంటే అంత తియ్యి."

* * *

తోడు పడింది. కూతురు కుదురుకునే దాకా నూకాలమ్మ కేంద్రంలోనే ఉంది. పరుపు మీద నిద్రపట్టదని నేల మీదే పడుకుంటూ, మాయా బుగ్గన రోజూ పొద్దున్నే దిష్టిచుక్క పెడుతూ గడిపింది. కట్టు విప్పిన మొదటి రోజు మారెన్ కుడిచేతి మీద రంగు గోధుమగా తేలింది, తర్వాతి కట్టుకి చిక్కబడింది. ఆ చెయ్యిని ఎక్కడ దాచుకుంటుందోనని హిమబిందు భయపడింది. మారెన్ ఆ చేత్తోనే తల్లి కలిపిన చేపలపులుసు అన్నం తింది. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ముద్ద ముద్దా తింది.

అలాగని అన్నీ చక్కబడ్డాయని కాదు. తల్లీకూతుళ్ళకి మాట కలవదు. సైగలు చేసి చేసి అలిసిపోయి, ఇద్దరూ చెరో గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళు. "రంగు తీసుకున్నాను గానీ, ఈమె పక్కన నేనింకా చుట్టాన్నే," అంది మారెన్ ఒకసారి. ఇంగకి ఫోన్ చేసి చెప్పిన రోజు గదిలోంచి బయటికి రాలేదు. ఆమె కోప్పడలేదట, నన్ను తుడిచేస్తున్నావా అని మాత్రం అడిగిందట. మర్నాడు మారెన్ ఎడమ ముంజేతి లోపలి వైపు అరచెయ్యంత మేర వేలితో గీసి చూపించింది.

"ఇక్కడ మాత్రం మార్చకండి. ఇది ఇంగ అమ్మది."

"మచ్చలా ఉంటుందమ్మా," అంది హిమబిందు. మచ్చలు మాపడానికే జీవితమంతా ధారపోసిన మనిషి ఆమె.

"ఉండనివ్వండి."

ఆ సాయంత్రం అక్క కోసం వచ్చిన శైలజ, నల్లటి చేతి మీద ఆ తెల్లమచ్చ చూసి, అడక్కుండానే వెళ్ళి మారెన్ పక్కన కూర్చుంది.

హిమబిందు గోడ మీది ఫోటో తీసెయ్యబోతే మారెన్ వారించింది. తీసేస్తే ఎవరికి గుర్తుంటుంది, దాని కింద పైడితల్లి అని పేరు రాయించండి చాలు అంది. తప్పు కళ్ళెదుట వేలాడటమే తనకి తగిన శిక్ష అనుకుని హిమబిందు రాయించింది. శీతలగదిలో స్వీడన్ తోడు పక్కన నూకాలమ్మ తోడు చేరింది. ఆ అరల్లో మొదటి నలుపు అది.

ప్రయాణం రోజు హాలు మామూలుగానే నిండి ఉంది. మారెన్ మాయాని చంకనెత్తుకుని వచ్చి, తల్లి సామాను సర్దుకుని వచ్చేదాకా ఒక కుర్చీలో కూర్చుంది. ఎదుటి వరసలో ఒక టౌనావిడ, ఏడెనిమిదేళ్ళ కూతుర్ని పక్కనేసుకుని కూర్చుని ఉంది. మారెన్‌నీ బిడ్డనీ మార్చి మార్చి చూసి, పక్కావిడతో గుసగుసలాడాననుకుంటూ హాలంతా వినబడేలా అంది.

"అయ్యో పాపం, చూశారాండీ! పిల్లకి అచ్చం తల్లి రంగే వచ్చింది."

టౌను తెలుగు కాబట్టి చెవిలోని యంత్రం ఈసారి తడబడలేదు. మారెన్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే మాయా బుగ్గల్ని ముద్దులతో తడిపేసింది. ఆవిడ దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. జాలిపడబోయిన ఆ టౌనావిడ, ఈమెకి మతిగాని చలించలేదు కదా అన్నట్టు బిక్కమొహం వేసింది.

"దీని కోసమే డాక్టర్ నేనొచ్చింది," అంది మారెన్, హిమబిందు ముందు ఆగి. నూకాలమ్మ మూటతో వచ్చింది. ముగ్గురూ ఎండలోకి వెళ్ళిపోయారు. ఎవరు ఎవరి బిడ్డో ఆటోవాడు కూడా అడగలేదు.

హిమబిందు ఇంకా గుమ్మంలోనే ఉంది. ఇలా ఎంతమంది పైడితల్లుల్ని పంపేసిందో! వాళ్ళలో ఎవరొచ్చి అడిగినా చూపించడానికి ఒక్క సీసా లేదు. అందరి తల్లులూ బతికి ఉండరు.

"డాక్టరుగారూ, మా వంతే కదండీ," టౌనావిడ కూతుర్ని ముందుకు తోసింది. "మంచి తెల్లటి తోడు చూసి వెయ్యండి. ఖర్చు కాస్త ఎక్కువైనా పర్లేదు."

పిల్ల చామనచాయగా, రెండు జడలతో, ఎవరి చెప్పులో చూస్తూ నిలబడి ఉంది. హిమబిందు కుర్చీ లాక్కుని, పిల్ల ఎత్తుకి వంగి కూర్చుంది. ఈ హాల్లో ఇన్నేళ్ళలో ఏ పిల్లనీ అడగని మాట అడిగింది.

"నీకు కావాలా అమ్మా?"

"దాన్నడుగుతారేంటండీ? అదింకా చిన్నపిల్ల," అని తల్లి నవ్వింది.

హిమబిందు నవ్వలేదు. పిల్ల తలెత్తి ముందు తల్లి మొహం, తర్వాత తన చెయ్యి చూసుకుంది. తనని ఎవరైనా ఏదైనా అడుగుతారని ఆ పిల్లకి తెలియదు. డాక్టరు వాచీ చూసుకోకుండా, జవాబు వచ్చేదాకా అలాగే కూర్చుంది.